ఎద కాలంలో మిట్టమధ్యాహ్నం వైట్‌టెయిల్ జింక కోసం మంచె మీద కూర్చోవడం దండగేనా?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ. నువ్వు చెప్పింది ఇదీ: రెండేళ్లుగా ఒహాయో ఆగ్నేయాన వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో కాంపౌండ్ బోతో, అంటే కప్పీలున్న వేటవిల్లుతో కూర్చుంటున్నావు. నవంబర్‌లో చీకటుండగానే ట్రీ స్టాండ్ (చెట్టుకు కట్టే చిన్న మంచె) ఎక్కి, పదింటికి దిగి, కారులో తిని, కాసేపు కునుకు తీసి, మూడింటికి మళ్లీ ఎక్కుతున్నావు. రెండు సీజన్లలో కొమ్ములున్నది ఒక్కటీ విల్లుకు అందేంత దగ్గరికి రాలేదు. మధ్యాహ్నం కూర్చోవడం దండగేనా, కూర్చుంటే ఎక్కడ కూర్చోవాలి, సెలవు ఒక్కరోజే దొరికితే ఏ రోజుకు పెట్టుకోవాలి అని అడిగావు.

దండగ కాదు. కానీ పొద్దున కూర్చున్న చోటే మధ్యాహ్నం కూడా కూర్చుంటే మాత్రం చాలాసార్లు దండగే. నా పద్నాలుగేళ్ల వేటలో నేర్చుకున్నదంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

మధ్యాహ్నమే బంగారం, పొద్దున్న దండగ అని చెప్పేవాళ్లు కూడా కనిపిస్తారు. నమ్మకు. ఎద కాలంలోనూ జింకలు తెల్లవారుజామున, మునిమాపు వేళే ఎక్కువ తిరుగుతాయి. ఏడాదిలో మిగతా రోజుల్లో మధ్యాహ్నం అడవి చచ్చినట్టు ఉంటుంది, ఈ రెండు మూడు వారాలు మాత్రం అలా ఉండదు. అంతే తేడా. అయితే ఆ వేళ లేచి తిరిగేవాటిలో పెద్ద బక్కులు, అంటే మగజింకలు ఉంటాయి. మనలాంటివాళ్లకు అదే చాలు.

ఎందుకు తిరుగుతాయో అర్థమైతే ఎక్కడ కూర్చోవాలో నీకే తెలుస్తుంది. ఊళ్లో గేదె ఎదకొస్తే ఏమవుతుందో చూశావు కదా. ఊరి చివర కట్టేసిన దున్న పలుపు తెంపుకుని వస్తుంది, పొద్దూ మాపూ చూడదు. ఇక్కడా అదే. పగటి పొడవు తగ్గుతున్న కొద్దీ ఈ జింకల ఒంట్లో ఎద మొదలవుతుంది. డో, అంటే ఆడజింక, సుమారు 200 రోజులు మోస్తుంది. పిల్ల మే నెలాఖరులో, జూన్ మొదట్లో పుట్టాలి, అప్పుడైతేనే తల్లికి పచ్చిమేత, పిల్లకు దాక్కోవడానికి గడ్డి ఉంటాయి. అక్కడినుంచి వెనక్కి లెక్కపెడితే ఒహాయోలో నవంబర్ మధ్యకు వస్తావు. అందుకే ఏ ఏడాదైనా ఈ తేదీలు పెద్దగా జరగవు. పౌర్ణమికీ అమావాస్యకీ ఎదకీ ముడిపెట్టి క్యాలెండర్లు అమ్ముతుంటారు. పంచాంగం మా ఇంట్లోనూ ఉంది, దాన్ని పెళ్లిళ్లకు వాడతాం.

ఒక్కో డో బక్‌ను దగ్గరికి రానిచ్చేది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. చూలు నిలవకపోతే మళ్లీ 28 రోజులకు గానీ ఎదకు రాదు. అన్నీ ఒకే రోజు ఎదకు రావు కూడా. బక్ ఒక డోను పట్టుకుని ఆ ఒకటి రెండు రోజులూ దాని వెంటే పడుకుంటుంది, దాని వెంటే లేస్తుంది. దాని ఎద తీరిపోయేది పగలు 11:30కి అనుకో, బక్ సాయంత్రం దాకా ఆగుతుందా? అప్పుడే లేచి ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. ఆ వేళ డోలు ఎక్కడుంటాయి? చేలల్లో ఉండవు. ముళ్లపొదల్లో పడుకుని నెమరు వేస్తుంటాయి. కాబట్టి బక్ మేత దగ్గరికి పోదు, పడకల దగ్గరికి పోతుంది. ఒక్కో పొద చుట్టూ గాలివాలు వైపు నుంచి, అంటే పొద మీదుగా వచ్చే గాలి తగిలే వైపు నుంచి, ముక్కు కిందకి పెట్టి, కుక్కలాగా వాసన పట్టుకుంటూ తిరుగుతుంది. పొదలోకి దూరి ఒక్కొక్కదాన్నీ లేపాల్సిన పని లేదు. గాలివాలున ఒక్కసారి నడిస్తే లోపల ఎదకొచ్చింది ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇది నాకు మూడో సీజన్‌లో తెలిసింది, అదీ సిగ్గుపడుతూ. ఆ రోజు బద్ధకించి దిగలేదు. విల్లు కొక్కానికి వేలాడదీసి, ఒళ్లో పులిహోర డబ్బా తెరుచుకుని కూర్చున్నాను. టైం 12:40. కుడివైపు ఎండుటాకుల్లో చప్పుడైంది. ఉడుతే అనుకున్నాను, ఆ అడవిలో ఉడుతలు మనిషంత చప్పుడు చేస్తాయి. తల తిప్పేసరికి 18 గజాల్లో కొమ్ములకు పది కొనలున్న బక్ నోరు తెరుచుకుని, నిదానమైన పరుగులో పోతోంది. కింద సీడర్ చెట్ల పొద ఉంది, దాని పై అంచునే పట్టుకుని వెళ్లిపోయింది. నా చేతిలో చెంచా ఉంది. విల్లు అందుకునేలోపు గట్టు దాటేసింది. ఆ తరవాత అదే చెట్టు మీద, అదే అంచున, పగలు 11 నుంచి 2 లోపు మరో రెండు బక్కులను కొట్టాను. పొద్దున్న వేళ ఆ చెట్టు దగ్గర నాకు పెద్దదేదీ కనపడనే లేదు.

ఇంగువ వాసనకు జింకలు పారిపోవా అని మా ఆవిడ అడిగింది. నీ ఒంటి వాసనే అందాక పులిహోర ఒక లెక్క కాదు.

ఇక చోటు సంగతి. వేన్ అంతా నిటారు గట్లు, ఇరుకు లోయలు. నవంబర్‌లో చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి కొడుతుంది. గట్టుకు గాలి తగలని ఆగ్నేయపు వాలు చూడు. అందులో పై నుంచి మూడో వంతు దగ్గర, చాలాచోట్ల గట్టుకు సమాంతరంగా ఒక సన్నటి బాట కనిపిస్తుంది. అది ఊరికే పడింది కాదు. గట్టు పైనుంచి గాలి దాటి వస్తుంది, కింద లోయలో ఎండకు వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, రెండూ ఆ ఎత్తులో కలుస్తాయి. ఆ బాట మీద నడిచే బక్‌కు వీపు వెనక ఉన్నది గాలి చెబుతుంది, కింద పడుకున్నవాటి వాసన పైకొస్తుంది. చాలామటుకు బక్కులు పడుకునేదీ ఈ ఎత్తులోనే.

అలాంటి బాట మీద ఎక్కడ కూర్చోవాలంటే, దారి ఇరుకైనచోట. రెండు గుట్టల మధ్య కనుమ ఉంటే మొదట అదే. లోయ తల, అంటే వాగు పుట్టే కొస, నిటారుగా కోసుకుపోయి ఉంటే జింక దిగి ఎక్కదు, దాని పైనుంచి చుట్టి పోతుంది, అక్కడ ఒకటి రెండు చెట్లు బాగుంటాయి. ఇంకొకటి, కలప కోసం అయిదు పదేళ్ల కిందట నరికేసిన అడవి ముక్కలు. మళ్లీ మొలిచిన మొక్కలు, ముళ్లతీగలు, మల్టీఫ్లోరా రోజ్ అనే ముళ్ల గులాబీ కలిసి మనిషి దూరలేనంత చిక్కగా ఉంటాయి. డోలకు అంతకన్నా మంచి పడక లేదు. దాని గాలివాలు అంచుకు 20, 25 గజాల్లో చెట్టు చూసుకో. మొక్కజొన్న చేని అంచు, ఓక్ కాయలు రాలిన చోటు, నువ్వు ఫోటో పెట్టిన ఆ పెద్ద స్క్రేప్ (బక్ కాలితో నేల గీరి వాసన వదిలిన చోటు), ఇవి మూడూ పొద్దున సాయంత్రాలకు. స్క్రేప్‌ల దగ్గరికి బక్కులు ఎక్కువగా వచ్చేది రాత్రే. అక్కడ చెట్టుకు కట్టిన నీ కెమెరాలో టైములు చూసుకో, నేను చెప్పక్కర్లేదు.

చిక్కు ఇక్కడే. బక్ గాలివాలున వస్తుంది, నువ్వూ గాలివాలునే కూర్చున్నావు. నీ వాసన అది వచ్చే దారిలోకి పోకూడదు. గాలి పక్కవాటుగా వెళ్లి నిటారు పల్లంలోకో, వాగులోకో, జింక నడవని చోటికో పడేలా చెట్టు ఎంచుకోవాలి. గాలి దానికీ దాదాపు అనుకూలంగా, నీకు ఒక వేలెడు ఎక్కువ అనుకూలంగా ఉండాలి. దానికి పూర్తిగా ప్రతికూలంగా ఉన్న గాలిలో పెద్ద బక్ రాదు. నీకు పూర్తిగా అనుకూలమైన గాలిలో రెండేళ్లు ఖాళీగా కూర్చోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పొద్దున చల్లగాలి నీళ్లలాగా పల్లానికి పారుతుంది. ఎండ పడ్డాక, ఇంచుమించు తొమ్మిది, పది మధ్య, తిరగబడి పైకి లేస్తుంది. తిరగబడే ఆ అరగంట గాలి ఎటు పడితే అటు పోతుంది. ఫోన్లో గాలి బొమ్మ చూసి నమ్మకు, ఆ బొమ్మకు నీ లోయ తెలియదు. మిల్క్‌వీడ్ కాయ ఒకటి జేబులో పెట్టుకో. మన జిల్లేడు లాంటిదే, ఒకే కుటుంబం. దాని దూది పోగు ఒకటి వదిలితే 100 గజాల దాకా ఎటు తిరిగిందో, ఎక్కడ దిగిందో కంటికి కనిపిస్తుంది. గాలి చూడటానికి వాడే పౌడర్ సీసా చెయ్యి చాపినంత దూరం వరకే చెబుతుంది.

రోజంతా ఒకే చెట్టు మీద ఉండాలా, మారాలా? పడకల మధ్య దారి దొరికితే చీకట్లోనే ఎక్కి చీకటి పడేదాకా ఉండు. ఆ చోటు పొద్దున కూడా చెడ్డది కాదు. పొద్దున చేని అంచున కూర్చోవాలనే ఉంటే 9:30కల్లా దిగి, 10:15కల్లా రెండో చెట్టు ఎక్కేసి ఉండు. ఆలస్యం ఎందుకు వద్దంటే, అది ప్రభుత్వ భూమి. నీలాగే అందరూ పదింటికి దిగి కార్ల వైపు నడుస్తారు. ఆ నడకకు పొదల్లోవి లేస్తాయి. పదికీ పదకొండుకీ మధ్య నువ్వు చెట్టు మీద ఉంటే వాళ్లంతా నీకోసం అడవిని కదిలిస్తున్నట్టు, కిందుంటే నువ్వే ఇంకొకరికి కదిలిస్తున్నట్టు. రెండేళ్లుగా ఏ పని చేశావో చూసుకో. నేనూ రెండేళ్లు ఆ సేవే చేశాను.

గడియారం విషయంలో ఒక మాట. నవంబర్ మొదటి ఆదివారం టైం గంట వెనక్కి పోతుంది. జింకకు అది తెలియదు. ఆ తరవాత మీ ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుంపావుకు. పొద్దు ఏడు దాటాక పొడిచి 5:20 లోపే కుంకుతుంది. అంటే వెలుతురున్నది పదిగంటలు. అందులో అయిదు గంటలు నువ్వు కారులో ఉంటున్నావు.

తేదీల్లో నవంబర్ మొదటి వారం నుంచి 12 దాకా నాకు ఇష్టం. బక్కులు వెతుకుతుంటాయి, ఎదకొచ్చిన డోలు ఇంకా తక్కువ, కాబట్టి కాళ్లకు పని ఎక్కువ. ఆ తరవాత వారం పదిరోజులు అడవి ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపిస్తుంది, బక్కులన్నీ తలా ఒక డోతో ఏ మూలో పడి ఉంటాయి. చాలామంది ఎద అయిపోయిందనుకుని ఇంటికి పోతారు. నిజానికి జోడీలు కుదిరేది ఎక్కువగా అప్పుడే. అప్పుడు పొద్దున, సాయంత్రం అనే తేడా మరీ తగ్గిపోతుంది, ఎద తీరిన డోను వదిలిన బక్ ఏ వేళనైనా రావచ్చు. ఆ రోజుల్లో తల్లి లేకుండా దిక్కుతోచక తిరిగే పిల్ల కనిపించిందా, దిగకు. బక్ తరిమేసిన పిల్ల అది, తల్లి దగ్గర్లోనే ఎక్కడో ఉంది, దాని పక్కన ఎవరున్నారో ఊహించుకో. థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం) తరవాతి సోమవారం గన్ సీజన్ మొదలయ్యేసరికి అసలు వేడి తగ్గిపోతుంది. అప్పుడు మధ్యాహ్నం జింక పరిగెడుతోందంటే ఎక్కువగా మనిషి తరమడం వల్లే.

టెక్సస్‌లో ఉన్న మీ స్నేహితుడికి ఈ తేదీలు చెప్పకు. దక్షిణ టెక్సస్‌లో ఎద డిసెంబర్ మధ్యలో, అలబామాలో చాలాచోట్ల జనవరిలో. విషయం ఒకటే, క్యాలెండర్ వేరు.

వాతావరణంలో నేను చూసేది ఒక్కటే, వేడి. నవంబర్‌కల్లా వాటికి చలికాలపు బొచ్చు వచ్చేసి ఉంటుంది. 70 ఫారన్‌హీట్ (సుమారు 21 సెల్సియస్) ఎండలో కంబళి కప్పుకుని పరిగెత్తమంటే నువ్వు పరిగెడతావా? అలాంటి రోజు మధ్యాహ్నం హాయిగా దిగి నిద్రపో, లేదంటే నీడగా ఉన్న వాగు ఒడ్డున కూర్చో. రెండు మూడు రోజులు వెచ్చగా ఉండి, ఒక్క రాత్రిలో గాలి తిరిగి 20 ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోయిన పొద్దు వస్తుంది చూడు, ఆ రోజు మాత్రం నన్ను ఫోన్ చేసి పిలిచినా దిగను.

పది గంటలు కూర్చోవడం మాటలు కాదు. మా నాన్న పల్నాడులో జొన్నచేను కాపలాకు మంచె మీద పగలూ రాత్రీ కూర్చునేవాడు, పిట్టలకు పగలు, పందులకు రాత్రి. ఆయనకు చెబితే ‘దీనికి డబ్బులు కూడా కడుతున్నావా’ అన్నాడు. ఆయన మంచె మీద కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, నీ స్టాండ్ మీద కుదరదు. ఒంటిగంటకు తిండి పడ్డాక, వెచ్చటి ఎండ మొహాన పడితే కునుకు పట్టి తీరుతుంది. అందుకే హార్నెస్ (చెట్టుకు కట్టుకునే ఒంటి పట్టీలు) లేకుండా రోజంతా కూర్చుంటాను అంటే నేను ఈ సలహా వెనక్కి తీసుకుంటాను. నేల మీద కాలు ఉన్నప్పటినుంచి మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా తాడుకు కట్టుకునే ఉండు. ఎక్కేటప్పుడు కూడా. పట్టీ కురచగా కట్టు, జారితే ఒక జానెడు కంటే ఎక్కువ జారకూడదు.

నడిచేటప్పుడు దళసరి కోటు వేసుకోకు, సంచిలో పెట్టుకో, చెమట పట్టి ఎక్కితే తొమ్మిదికల్లా వణుకుతావు. తిండి చప్పుడు చేసే కవర్లలో కాకుండా గుడ్డలో కట్టుకో. ఒంటేలుకు మూత పెద్దదైన సీసా. విల్లు ఎప్పుడూ చేతికి అందే కొక్కానికే. చెంచా సంగతి చెప్పాను కదా.

పిలుపుల గురించి పెద్దగా చెప్పేది లేదు. మధ్యాహ్నం ఒంటరిగా పోతున్న బక్ నీ దారి తప్పి పోతుంటే గ్రంట్ (బక్ గుర్రు లాంటి చప్పుడు చేసే గొట్టం) ఒక్కసారి ఊదు. ఆగి చూసిందా, మళ్లీ ఊదకు. అది నీ వైపే చూస్తుండగా ఊదావంటే చెట్టెక్కిన బక్ ఎక్కడిదని నిన్నే వెతుకుతుంది. డో వెంట ఉన్నదాన్ని ఏ పిలుపూ కదిలించదు.

మధ్యాహ్నపు వేటకు ఒక లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బాణం తగిలాక వెతకడానికి వెలుతురు ఉంటుంది. నా స్నేహితుడు ఒకడు ఒంటిగంటకు కొట్టాడు, బక్ వీపు వంచి నాలుగడుగులు వేసి నిలబడి, నడుచుకుంటూ పోయింది. బాణం మీద ముదురు ఎరుపు నెత్తురు, అంటే కాలేయం. వాడు అప్పుడే దిగి వెంటపడతానన్నాడు. పట్టుకుని కూర్చోబెట్టాను. అయిదింటికి వెళితే 150 గజాల్లో పడి ఉంది, ఇంకా వెలుతురు ఉండగానే ఎత్తుకొచ్చాం. ఇదే సాయంత్రం అయిదింటికి కొట్టి ఉంటే రాత్రి టార్చిలతో వెతకాలి, లేదా కయోటీలకు (తోడేలు జాతి జంతువులకు) వదలాలి. నురగతో గులాబీరంగు నెత్తురైతే ఊపిరితిత్తులు, అరగంట చాలు. పచ్చటి నలుసులు, పేడ వాసన ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు దాని జోలికి పోకు. అసలు పక్కవాటుగా నిలబడ్డప్పుడో, కొంచెం అవతలికి తిరిగి ఉన్నప్పుడో తప్ప వదలకు, ఎదురుగా వచ్చేదానిమీద బాణం వేయకు. పరిగెత్తే బక్‌ను నోటితో మేక అరిచినట్టు ‘మ్యా’ అంటే చాలామటుకు ఆగుతుంది.

పగటి వేడికి మాంసం త్వరగా చెడుతుంది, దొరికిన చోటే పొట్ట శుభ్రం చేసి, కారులో ఐస్ సంచులు సిద్ధంగా పెట్టుకో. ఒహాయోలో కొట్టిన మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు గేమ్ చెక్, అంటే కొట్టినట్టు ప్రభుత్వానికి నమోదు చేయించాలి. అక్కడి అడవి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (మెదడును తినేసే ప్రాణాంతక జబ్బు) 2020లో వయాండాట్ కౌంటీలో మొదట బయటపడింది, జబ్బు ఉన్న ప్రాంతంలో కొడితే పరీక్ష చేయించి ఫలితం వచ్చాకే వండు. జబ్బు తేలినదాన్ని తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నవంబర్ మధ్యలో పిల్లల గన్ సీజన్ ఒక వారాంతం వస్తుంది, ఆ రెండు రోజులూ విల్లు పట్టినవాళ్లు కూడా నారింజ రంగు వెస్ట్ వేసుకోవాల్సిందే. జింక కంటికి ఆ రంగు మనకు కనపడ్డట్టు కనపడదు, భయపడకు.

హెచ్1బీ మీద ఉన్నానని రాశావు కాబట్టి ఇది కూడా. విల్లుతో ఆ చిక్కు లేదు. తుపాకీ మాత్రం, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందులో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. లైసెన్స్ గడువు దాటాక స్నేహితుడి తుపాకీ ‘కాసేపు పట్టుకోరా’ అన్నా పట్టుకోకు. గన్ సీజన్‌లోకి దిగే ముందు ఇమిగ్రేషన్ వకీలును ఒకసారి అడుగు, ఆ ఫీజు దండగ కాదు. ఊరెళ్లినప్పుడు అక్కడి అడవిలో ఈ సరదా తలుచుకోనే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం సంగతి నీకు తెలుసు.

ఇక ఒక్కరోజు సెలవు. తేదీ ఇప్పుడే పెట్టకు. మేనేజర్‌కు నవంబర్ 5 నుంచి 12 లోపు ఒక రోజు కావాలి, రెండు రోజుల ముందు చెబుతానని చెప్పి ఉంచు. వెచ్చటి రోజుల తరవాత గాలి తిరిగి వాయవ్యం నుంచి కొట్టే మొదటి పొద్దు ఏదో చూసి ఆ రోజు తీసుకో. నువ్వు పంపిన మ్యాప్‌లో పార్కింగ్‌కు తూర్పున ఉన్న ఆ పొడుగు గట్టు, దాని మధ్యలో కనుమ, కింద నరికిన ముక్క కనపడుతున్నాయి. కనుమకు ఆగ్నేయపు వైపు దిగి చెట్టు చూడు. అక్టోబర్‌లోనే ఒక మధ్యాహ్నం వెళ్లి, మిల్క్‌వీడ్ దూది వదిలి, అది ఎటు పోయిందో నాకు రాయి.